చెనిక్కాయల నూనెతో వేసిన సముద్రం

నూనె రంగులతో వేసిన బొమ్మ కొన్ని వారాల్లో ఆరుతుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. నేను వేసిన సముద్రానికి నాలుగేళ్లు నిండాయి. మొన్న వేలు పెట్టి చూశాను. తడిగానే ఉంది.

కొత్తగా డ్రాయింగు మాస్టర్లుగా చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ముందే చెబుతున్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను చేసిన పనుల్లో చెప్పుకోవడానికి మిగిలింది ఈ ఒక్కటే. మిగతావన్నీ చక్కగా ఆరిపోయాయి.

నేను బి.ఎఫ్.ఎ. చదివాను. మా ఊళ్లో చాలామంది ఆ మధ్యలో ఉన్న ఎఫ్ అంటే ఫెయిలని అనుకున్నారు. నా ఉద్యోగం చూశాక వాళ్ల అనుమానం బలపడింది. మా రోజుల్లో డ్రాయింగు మాస్టరంటే, ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసులో కూర్చునేవాడు. తనిఖీకి ముందురోజు చార్టులు రాసేవాడు. బడి గోడల మీద జాతీయ నాయకులను వేసేవాడు. నేను వేసిన నాయకులందరూ ఒక తల్లి బిడ్డల్లా ఉండేవారు. ఒకాయనకు కళ్లజోడు, ఇంకొకాయనకు టోపీ పెట్టి తేడా చూపించేవాణ్ని. జాతీయ సమైక్యత బాగా కనిపిస్తోందని మా హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. ఆయన హాస్యానికే అన్నాడేమోనని రిటైరయ్యాక అనుమానం వచ్చింది.

నా చివరి పోస్టింగు పూతలపట్టుకు కొంచెం ఇవతల, మామిడి తోటల మధ్య ఉన్న హైస్కూలు. అక్కడ నాకు దగ్గరివాళ్లు ఇద్దరు. ఒకరు ఆటల మాస్టరు. అందరూ పి.ఇ.టి. సారు అనేవారు. వాళ్లింట్లో తాతల నాటి నుంచి నూనె గానుగ ఉంది. రెండో మనిషి సైన్సు మేడం. ఆమెది సముద్రం పక్క ఊరు. నాయుడుపేట మీదుగా వాకాడు దాటి ఇంకా తూర్పుకు పోతే, నేల అయిపోయే చోట ఉండే జాలర్ల పాళెం. భర్తకు నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆదివారం వచ్చి సోమవారం పోయేవాడు. బడికి దగ్గర్లోని కాలనీలో ఆమె అద్దెకుండేది.

ఆ ఏడాది ఆమె తన నాయనను తెచ్చి దగ్గర పెట్టుకుంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. అరవై ఏళ్లు సముద్రం మీద చేపల వేటకు పోయినవాడు. భార్య పోయింది. పడవ అమ్మేశారు. ఆ తర్వాత జ్ఞాపకం కూడా కొద్దికొద్దిగా పోవడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో మేడం నన్నడిగింది.

"సార్, మీకు సముద్రం వెయ్యడం వస్తుందా?"

డ్రాయింగు మాస్టరును అలా అడిగితే రాదని చెప్పడం కష్టం. "ఎంత సైజులో కావాలమ్మా?" అన్నాను.

ఆమె సంచిలోంచి ఒక కొత్త తాళం తీసి బల్ల మీద పెట్టింది. అట్టపెట్టె కూడా విప్పలేదు.

"నాయన తెల్లారుజామున నాలుగ్గంటలకు లేసి, తలుపు తీసుకోని పోతా ఉండాడు సార్. యాడికి నాయనా అంటే సముద్రం కాడికి అంటాడు. తూర్పు యాడుంటే ఆ పక్కకి నడిసేది. మొన్న హైవే మీద లారీలోళ్లు సూసి, పట్టుకోని కూర్చోబెట్టినారు. వాళ్లు సూడకపోయింటే..." అని ఆగింది. "బయట తాళం ఏసుకోని బడికి రావాలని ఇది కొన్నాను. వారం నించి సంచిలోనే ఉండాది. ఎయ్యడానికి చెయ్యి రాలా."

పి.ఇ.టి. సారు చదువుతున్న పేపరు మడిచి పెట్టాడు.

"ఫోన్లో సముద్రం సూపించినాను సార్. ఎవురిదమ్మా ఈ నీల్ల గుంట అని అడిగినాడు. గోడంత బొమ్మ ఉంటే, లేస్తానే కంటికి ఎదురుగ్గా సముద్రం కనిపిస్తే, పోడేమో అని. అదీ కాకపోతే ఇంగ ఇదే" అని తాళాన్ని మళ్లీ సంచిలో వేసుకుంది.

నేను సరేనన్నాను. ముందు సరేనని తర్వాత ఆలోచించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆలోచిస్తే తేలిందేమంటే, నేను సముద్రాన్ని మొత్తం నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ మద్రాసులోనే. అప్పుడు కూడా ఎక్కువగా చేతిలోని శనగల సుండల్ పొట్లం వైపే చూశాను. అందుకని ఫోన్లో వెతికి, మొదట వచ్చిన బొమ్మను ముందు పెట్టుకున్నాను. ఎర్రటి సూర్యుడు నీళ్లలో మునుగుతున్నాడు. నల్లటి కొబ్బరిచెట్లు, ఒక తెరచాప పడవ. చాలా అందంగా ఉంది. అందంగా ఉంటే నిజమే అయి ఉంటుందని ఆ రోజుల్లో నేను నమ్మేవాణ్ని.

మామిడికాయల పెట్టెలు చేసే ఆయన దగ్గర ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు చట్రం చేయించి, దాని మీద మందపాటి గుడ్డ బిగించాను. రంగులు తిరుపతిలో దొరికాయి. రంగులో కలుపుకోవడానికి నా దగ్గరున్న అవిసె నూనె చిన్న సీసా పై సగం ఆకాశంతోనే అయిపోయింది. మళ్లీ తిరుపతి పోవాలంటే ఆదివారం దాకా ఆగాలి. మేడం సంచిలో తాళం ఉందన్న సంగతి మమ్మల్ని ఆగనివ్వలేదు.

"నూనే గదా సార్" అన్నాడు పి.ఇ.టి. సారు. "మా గానుగలో లేని నూనా?" సాయంత్రానికి ఒక డబ్బా చెనిక్కాయల నూనె, అదే వేరుశనగ నూనె, తెచ్చి పెట్టాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చదువుకోనివాడైతే ఆ నూనె వాడేవాడు కాదు, అనుమానం వచ్చి మానేసేవాడు. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి కారణం వెతికాను. ఐరోపాలో పాతకాలపు చిత్రకారులు అక్రోటు నూనె వాడేవారని కాలేజీలో చెప్పిన గుర్తు. అక్రోటూ కాయే, చెనిక్కాయా కాయే. పైగా మనది కల్తీ లేని గానుగ నూనె. పోపుకూ ఊరగాయకూ అదే, తలనొప్పికీ కిర్రుమనే తలుపుకూ అదే వాడే జిల్లా మాది. బొమ్మకు మాత్రం ఎందుకు పనికిరాదు? కొన్ని నూనెలు గాలి తగిలి గట్టిపడతాయనీ, కొన్ని ఎన్నేళ్లయినా గట్టిపడవనీ ఆ మరుసటి రోజు చెప్పి ఉంటారు. ఆ రోజు నేను కాలేజీకి పోయి ఉండను.

మిగిలిన ఆకాశం, సముద్రం అంతా ఆ నూనెతోనే వేశాను. నీలానికి ప్రష్యన్ బ్లూ ధారాళంగా వాడాను. ఆ రంగు గోరింటాకు కంటే మొండిది. ఒకసారి గోరుకు అంటితే నెల రోజులు తోడుంటుంది. చివరికి నల్లబల్ల మీద వాడే మీటరు స్కేలు తెచ్చి, సముద్రానికీ ఆకాశానికీ మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి గీత గీశాను. డ్రాయింగు మాస్టరు గీత వంకరపోతే పిల్లలు నవ్వుతారు. ముప్పై ఏళ్లుగా ఆ భయంతో బతికిన చెయ్యి అది.

ఇద్దరం మోసుకెళ్లి పెద్దాయన మంచానికి ఎదురుగా గోడకు ఆనించి, మేకులకు తగిలించాం. బొమ్మలోంచి బోండాల అంగడి వాసన వస్తోంది. "రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది" అన్నాను.

పెద్దాయన మంచం మీద కూర్చుని, తమలపాకు నమిలేంత సేపు చూశాడు.

"ఆ పడవలో ఎవురుండారు అయివోరూ?"

"ఎవరూ లేరు తాతా. దూరంగా ఉంది కదా, మనుషులు కనపడరు."

"మనుసులు లేకుండా అంత దూరం యాడికి పోయింది? తాడు తెగిందా?"

మరుసటి రోజు వెళ్లి రెండు చుక్కలు పెట్టాను. ఆయన వాటిని లెక్కపెట్టి, "తెరసాప ఇట్ల పొంగింది, అలలు అట్ల పోతుండాయి. గాలి రెండు పక్కలా కొడతా ఉండాదా?" అన్నాడు. ఆ తర్వాతి రోజు సూర్యుడి వంతు.

"పొద్దు ఏం సేస్తా ఉండాడు?"

"అస్తమిస్తున్నాడు తాతా."

"సముద్రంలోనా?" నా మొహంలోకి జాలిగా చూశాడు. "మా పొద్దు సముద్రంలో నించి లేస్తాది. మునిగేది మీ కొండల్లో గదా. ఆ మాత్రం సూసుకోకుండా ఎట్ల గీసినావబ్బా?"

నా ఫోను నాకు ఏ దేశపు సముద్రాన్ని చూపించిందో ఇప్పటికీ తెలియదు.

నాలుగో రోజు ఆయన లేచి, బొమ్మకు జానెడు దూరంలో నిలబడ్డాడు.

"ఈ గీత ఏంది?"

"అది సముద్రం, ఆకాశం కలిసే చోటు తాతా."

"కలిసినాక ఇంగ గీత ఎందుకు?"

దీనికి జవాబు బి.ఎఫ్.ఎ.లో చెప్పలేదు. ఆయనే చెప్పాడు. "మేము పొయ్యే పొద్దుకి నీల్లు యాడో ఆకాశం యాడో ఏం తెలీదు. తెల్లని కలిగంజి ఒంపినట్టు అంతా ఒగటే. పడవ నీల్ల మీద పోతా ఉందో పైన పోతా ఉందో మాకే తెలీదు."

బయటికి వచ్చాక పి.ఇ.టి. సారు, "పెద్దాయన సెప్పేది సరిగ్గానే ఉండాదప్పా. గీత తీసెయ్యరాదా" అన్నాడు. ఆరనీ, ఆరాక చూద్దామన్నాను. మీటరు స్కేలుతో గీసిన గీతను ఒక మాటకు చెరపడానికి నాకు మనసొప్పలేదు.

అది ఆరలేదు. వారమయింది, పది రోజులయింది. వేలు పెడితే వేలు నీలమయ్యేది. "ఏం సార్, సముద్రం ఇంకా తడిగా ఉండాదే" అని పి.ఇ.టి. సారు అంటే, "సముద్రం కదా" అని గంభీరంగా చెప్పేవాణ్ని. లోపల మాత్రం నాకు అర్థమైపోయింది.

అయినా ఒక సంగతి మా ముగ్గురినీ ధైర్యంగా ఉంచింది. బొమ్మ పెట్టిన రోజు నుంచి పెద్దాయన గడప దాటలేదు. తెల్లారుజామున లేచి, మంచం మీద కూర్చుని, దాన్ని తిట్టుకుంటూ ఉండేవాడట. "తిట్టనీలే సార్, ఇంట్లో ఉండాడు గదా" అని మేడం సంతోషపడింది.

పద్నాలుగో రోజు సోమవారం. ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసులకు పోతున్నారు. ఇంటి నుంచి రావాల్సిన మేడం స్కూటీ మీద చెప్పులు కూడా లేకుండా వచ్చింది. ఆమె నీళ్లకని ట్యాంకు దగ్గరికి పోయి వచ్చేసరికి ఇంట్లో నాయన లేడు. కాలనీ మొత్తం తిరిగింది. ఎక్కడా లేడు.

పి.ఇ.టి. సారు మోటారుసైకిలు తీశాడు. నేను వెనక కూర్చున్నాను. ముందు ఇంటికే పోయాం. గదిలోకి అడుగుపెట్టి ఇద్దరం ఆగిపోయాం.

గీత లేదు.

ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా అరచేత్తో తుడిచేశాడు. ఆకాశం కిందికి దిగింది, సముద్రం పైకి లేచింది. మునుగుతున్న సూర్యుడు సగం పోయి, మిగతా సగం మసక వెలుగయ్యాడు. కొబ్బరిచెట్లు కూడా పోయాయి.

నిజం చెప్పాలి. ఒక మనిషి తప్పిపోయాడు, ఆయన బిడ్డ గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడు నాకు మొదట బాధేసింది బొమ్మ గురించి. ఇది రాయకుండా ఉండొచ్చు. కానీ మీరు కూడా ఈ ఉద్యోగంలోకే వచ్చారు కాబట్టి, మన మనసు ఎలాంటిదో మీకు తెలిసి ఉండటం మంచిది. వెనక్కి జరిగి జరిగి తలుపుకు ఆనుకున్నాను. ఆ దూరం నుంచి చూస్తే గోడ మీద తెల్లవారుతోంది. మంచు, దాని వెనక నీళ్లు. ఎక్కడ ఏది మొదలైందో తెలియడం లేదు. ముప్పై రెండేళ్లలో నేను వెయ్యలేనిది ఆయన ఒక్క చేత్తో ఒక్కసారి తుడిచి వేశాడు.

"సార్, మీ చొక్కా" అన్నాడు పి.ఇ.టి. సారు.

నేను ఆనుకున్న తలుపు గడియ మీద నీలం ఉంది. అది ఇప్పుడు నా భుజం మీద కూడా ఉంది. బయట గేటు మీద నాలుగు వేళ్ల గుర్తు. రంగు ఆరి ఉంటే ఆయన చేతికి అంటేదే కాదు. అంటినా ఇంత దూరం వచ్చేది కాదు. పి.ఇ.టి. సారు నా వైపు చూశాడు. మేమిద్దరం అప్పటికి ఒకటే ఆలోచిస్తున్నాం.

సందు చివర బోరింగు పిడి మీద నీలం. కడుక్కోవడానికి ప్రయత్నించినట్టున్నాడు. రోడ్డెక్కే చోట టీ అంగడి ఉంది. అక్కడ ఒకావిడ గ్లాసును పీచుతో తోముతూ కనిపించింది.

"అక్కా, పెద్దాయన ఎవురన్నా ఇట్ల వచ్చినాడా?" అని మేడం అడిగింది.

"నీలం చెయ్యాయనేనా? టీ తాగి గ్లాసుకంతా పూసి పోయినాడు తల్లీ. తోమి తోమి నా చెయ్యీ నీలమైపోయింది, సూడు. ఏం రంగు అది?"

"సముద్రం రంగు" అన్నాను.

"యాడికి పోయినాడు?" అంది మేడం.

"కూడలి పక్కకి. బస్సు యాడ నిలుస్తాదని అడిగినాడు."

అక్కడి నుంచి కల్వర్టు గోడ మీద ఒక గీటు. ఒక విద్యుత్ స్తంభానికి రెండు వేళ్లు. గుర్తులు పలచబడుతూ వచ్చాయి. పూతలపట్టు దగ్గర మా రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట ఒక కిలోమీటరు రాయి ఉంది. దాని నెత్తిన పూర్తి అరచెయ్యి, ఐదు వేళ్లతో సహా. ఆయాసమొచ్చి ఆనుకుని నిలబడ్డట్టున్నాడు.

ఆ తర్వాత ఏ గుర్తూ లేదు. ముందు రోడ్డు, దాని మీద లారీలు.

మేడం స్కూటీ దిగి ఆ రాయి దగ్గర నిలబడింది. తన చెయ్యి తీసి ఆ నీలం చేతి మీద పెట్టింది. ఆమె చెయ్యి చిన్నది, గుర్తులో సగానికి వచ్చింది. నేను రోడ్డు వైపు చూడలేక ఆ చేతుల వైపే చూశాను.

పి.ఇ.టి. సారు అప్పటికే లారీల మధ్యలోంచి అవతలికి దాటేశాడు. జీవితమంతా కబడ్డీ నేర్పిన మనిషి. కాసేపటికి అవతల బస్సు షెల్టరు నుంచి చెయ్యి ఊపాడు.

పెద్దాయన షెల్టరులో బల్ల మీద, నీలం చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"మూడు బస్సులు పోయినాయమ్మా" అని కూతురికి ఫిర్యాదు చేశాడు. "ఎవురూ ఎక్కించుకోలా. సీట్లు పాడైపోతాయంట. చెయ్యి కడుక్కోని రా తాతా అంటాడు ఆ కండట్రు. కడిగితే పోతే గదా."

ఆ ముగ్గురు కండక్టర్లు ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మేడం ఆయన ముందు నేల మీద కూర్చుంది. "యాడికి నాయనా?"

"సముద్రం కాడికి."

"ఇంట్లో పెట్టినాం గదా నాయనా."

"దాని గురించే పోతా ఉండా." నన్ను చూసి గొంతు కొంచెం తగ్గించాడు, నా మనసు నొప్పించకుండా. "ఈ అయివోరు తెలీక గీత గీసిపెట్టినాడు. ఎన్ని దినాలని సూసేది? ఈ పొద్దు తుడిసేసినాను. తుడిసినాక నాకే అనుమానం వచ్చింది. సరిగ్గా తుడిసినానో, శానా తుడిసేసినానో. పోయి సూసి రావాల గదా."

మేడం సంచి భుజానికే ఉంది. అందులో తాళం ఉందని నాకు తెలుసు. తిరిగి ఇంటికి తీసుకెళ్తే ఆ రోజు ఆమె ఆ పని చేసి తీరాల్సిందే. ఆమె కూడా అదే ఆలోచిస్తోందని తెలుస్తోంది. చీర దులుపుకుని లేచింది.

"సార్, నాకు రెండు దినాలు సెలవు అని హెడ్మాస్టరుకు సెప్తారా?" అని పి.ఇ.టి. సారును అడిగింది.

"నాక్కూడా చెప్పు" అన్నాను. నా సెలవులు వాడుకోడానికి ఇంకెక్కువ సర్వీసు కూడా మిగల్లేదు.

షెల్టరు పక్కన బోండాలు వేసే ఆయనను అడిగి గరిటెడు నూనె తెచ్చి, పెద్దాయన చెయ్యి తుడిచాం. చెనిక్కాయల నూనే. రంగు దాన్ని గుర్తుపట్టినట్టు వెంటనే వదిలింది. నాలుగో బస్సులో ఎక్కించుకున్నారు.

తిరుపతిలో మారి, నాయుడుపేటలో మారి, సాయంత్రానికి పాళెం చేరాం. మేడం మేనత్త ఇంట్లో దిగాం. దారి పొడుగునా మేడం నాతో ఒక్క మాటే అంది. "రేపు నాయన నేను రాను, ఈడే ఉంటానని కూర్చుంటే ఏం చెయ్యాల సార్? ఈడ సూసేదానికి అత్త తప్ప ఎవురూ లేరు. ఆమెనే సూసేవాళ్లు కావాల."

తెల్లవారుజామున ముగ్గురం ఒడ్డుకు పోయాం. ఇంజను పడవలు అప్పటికే పోయాయి. చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పెద్దాయన ఇసుకలో నిలబడి, కుడిచెయ్యి బారజాపి, గాలిలో ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపాడు. మధ్యలో ఒకసారి ఆపి, తల పక్కకు వంచి చూశాడు. అలా చేత్తో కొలిచి చూసే పని నేను కాలేజీలో నాలుగేళ్లు నేర్చుకున్నాను. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

మేడం ఆయనకు ఒక అడుగు వెనక నిలబడింది.

"ఎడం పక్క సరిపోయింది" అన్నాడు. "కుడి పక్క ఎక్కువ తుడిసినాను అయివోరూ."

"ఇప్పుడేం చేద్దాం తాతా?"

"ఆడ రవ్వంత నీలం పెట్టు. నేను మల్లా తుడుస్తా." వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. "పదమ్మా, బస్సు తప్పిపోతాది. పని ఉండాది."

మేడం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమెను చూడకూడదని నేను సముద్రం వైపు తిరిగాను. అప్పుడు చూశాను. గీత లేదు. ఎంత వెతికినా లేదు. కలిగంజి ఒంపినట్టు అంతా ఒకటే. దాని లోపల ఎక్కడో రెండు చుక్కలు. పడవలో మనుషులు.

తిరుగు బస్సులో నాకు ఒక సంగతి తట్టింది. అరవై ఏళ్లు తెల్లవారుజామున పనికి పోయిన మనిషి ఆయన. లేచాడు, పనికి బయల్దేరాడు. అంతే. మేము దానికి జబ్బు పేరు పెట్టి, బొమ్మను మందుగా ఇచ్చాం. ఆయన దాన్ని మందుగా తీసుకోలేదు, పనిగా తీసుకున్నాడు.

ఆ తర్వాత రోజూ బడికి పోయే ముందు నేను వాళ్లింటికి పోయేవాణ్ని. ఆయన చెప్పిన చోట రంగు పెడతాను, ఆయన పాత పంచె గుడ్డతోనో అరచేత్తోనో తుడుస్తాడు. ఒకరోజు వాన ముందరి సముద్రం, ఒకరోజు మంచు, ఒకరోజు గాలి పడిపోయాక ఉండేది. మామూలు నూనెతో వేసి ఉంటే ఆ పని మొదటి నెలతోనే అయిపోయేది. తడి రంగుకు దోమలు అంటుకునేవి. అవి పిట్టలని, అంత దూరంలో అంతే కనిపిస్తాయని ఆయన వాటిని తియ్యనిచ్చేవాడు కాదు. తాళాన్ని మేడం సైన్సు ల్యాబు బీరువాకు వేసింది. రిటైరయ్యాక కూడా నేను పోవడం మానలేదు. ఒకసారి తిరుపతి నుంచి నాతో చదువుకున్న చిత్రకారుడు వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ మంచు ఎట్ల తెచ్చినావప్పా?"

"చేత్తో."

"నీ చేత్తోనా?"

"కాదు" అన్నాను. అతను నమ్మినట్టు కనిపించాడు. కొంచెం త్వరగా నమ్మాడేమో.

ఈమధ్య పెద్దాయన కొన్నిసార్లు కూతురి పేరు మరిచిపోతున్నాడు. మొన్న చలికాలం ఒక ఉదయం నేను పోయేసరికి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను రంగు గొట్టం మూత తీశాను.

"వద్దులే" అన్నాడు. "ఈ పొద్దు సరిగ్గా ఉండాది. తాకితే సెడిపోతాది."

మూత పెట్టేశాను. ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. ఆయన దుప్పటి సర్ది, మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు.

"కూసో అయివోరూ. ఇంత దూరం వచ్చినావు. ఒడ్డు మీద కాసేపు కూసోకుండా యాడికి పోతావు?"

కూర్చున్నాను. మేడం బడికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి మా ఇద్దరినీ చూసింది. తలుపు తెరిచే ఉంచి పోయింది.